సరే అనే ఉద్యోగం

ఆఫీసుకు రాగానే ఆమె కంప్యూటర్ తెరిచి, తెర మీద ఉన్నదంతా పెదవులు కదుపుతూ చదువుకునేది. గొంతు బయటికి వచ్చేది కాదు. పక్క బల్ల దగ్గర కూర్చునే అకౌంటెంటు మొదట్లో ఆమె ఏదో పద్యం కంఠస్థం చేస్తోందనుకున్నాడు. అవి పద్యాలు కావు. ఏజెంట్లు తాము చేసిన పని గురించి రాసిపెట్టిన నివేదికలు. మాట ఎక్కడ తడబడిందో పట్టుకోవాలంటే ఆమెకు కంటితో చదివితే చాలదు, నోటితో చదవాలి.

ఆ నివేదికలు ఎక్కడా తడబడేవి కావు. ఆమెకు వచ్చిన చిక్కు అదే.

మందుల దుకాణం మీది రెండో అంతస్తులో ఉండేది ఆ ఆఫీసు. బడి బస్సులకు కావలసిన సాఫ్ట్‌వేర్ తయారు చేస్తారు. బస్సు ఎంతదూరంలో ఉందో తల్లిదండ్రుల ఫోన్‌కు చెప్పడం, ఏ స్టాపు తర్వాత ఏ స్టాపో డ్రైవరు ముందున్న తెర మీద చూపించడం, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో, బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయా చేతిలోని పరికరంలో నమోదు చేయడం. ఆమె అక్కడ చేరింది టెస్టరుగా. ప్రోగ్రామర్లు రాసినదాంట్లో తప్పులు వెతకడం ఆమె పని. ఆ పని చేస్తూనే నలభై దాటింది.

తప్పులు వెతకడానికి ఆమెకు తనదైన పద్ధతి ఒకటి ఉండేది. చక్రాలున్న ఆఫీసు కుర్చీలోంచి లేవకుండానే దొర్లుకుంటూ ప్రోగ్రామరు దగ్గరికి వెళ్లేది. "ఇది బాగానే పనిచేస్తుంది కదా?" అని అడిగేది. అడిగి, తెర వంక కాక అతని మొహం వంక చూసేది. రాసినదాని మీద నమ్మకం ఉన్నవాడు టైపు చేయడం ఆపకుండానే ఆఁ అనేవాడు. లేనివాడు గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పనాపి ఆమె వైపు తిరిగి, అడగని సంగతులన్నీ వివరించడం మొదలుపెట్టేవాడు. ఒకాయన కళ్లజోడు తుడుచుకునేవాడు. ఇంకొకామె నీళ్లు నమిలి, చివరికి టీ తాగుదామా అనేది. ఏ మాట దగ్గర ఈ మార్పు వచ్చిందో గుర్తుపెట్టుకుని, ఆమె నేరుగా ఆ భాగాన్నే పరీక్షించేది. తప్పు చాలాసార్లు అక్కడే దొరికేది. దొరికినదాన్ని కొర్రీగా రాసి వెనక్కి పంపేది. అందుకే ఆమెకు కొర్రీల అక్క అని పేరు పడింది. ఆమె కింద శిక్షణకు చేరిన ఒక కుర్రవాడు ఈ కిటుకు కనిపెట్టాడు. నువ్వు కోడ్ చూడవక్కా, మా మొహాలు చూస్తావు అని నవ్వేవాడు. కాలక్రమంలో అతనే ఆ ఆఫీసుకు మేనేజరయ్యాడు. అప్పటినుంచి నలుగురిలో ఆమెను మేడమ్ అనీ, విడిగా ఉన్నప్పుడు అక్కా అనీ పిలిచేవాడు. ఆమె కూడా నలుగురిలో సార్ అనేది. విడిగా ఏమీ అనకుండా సర్దుకునేది.

ఆ ఆఫీసులో ఇంకొక ఆనవాయితీ ఉండేది. కొత్త మార్పు ఏదైనా బస్సులకూ ఫోన్లకూ పంపేముందు అందరూ ఆమె నోటి మాట కోసం ఆగేవాళ్లు. ఆమె తల ఎత్తకుండానే, "సరే" అనేది. అంతే. అలా అనాలని ఎవరూ నియమం పెట్టలేదు. అనకపోతే మాత్రం పంపే మనిషి బటన్ నొక్కేవాడు కాదు. ఒకసారి ఆమె పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. ఫోన్ చేస్తే మొద్దుబారిన నోటితో ఏదో మూలిగింది. ఆ మూలుగును సరే కింద తీసుకోవచ్చా లేదా అన్న దాని మీద గదిలో పెద్ద చర్చే జరిగింది. చివరికి మర్నాటిదాకా ఆగారు.

తర్వాత ఏజెంట్లు వచ్చాయి.

ఏజెంటు అంటే ఒక్క పనికి మాత్రమే నియమించిన ఏఐ. అలాంటివి నాలుగు. ఒకటి ప్రోగ్రాం రాస్తుంది. రెండోది దాని తప్పొప్పులు చూస్తుంది. మూడోది పరీక్షలు పెడుతుంది. నాలుగోది అంతా సరిపోయిందనుకున్నాక బస్సులకు పంపుతుంది. మనుషులు ఒక్కరొక్కరుగా వేరే కంపెనీలకు వెళ్లారు. కొందరిని పంపించారు. సుడిగాలి అని పిలిచే ప్రోగ్రామరు కూడా వెళ్లిపోయాడు. పిల్లవాణ్ణి ఏనాడూ వేళకు బస్సెక్కించలేక, బడి బస్సుల సాఫ్ట్‌వేర్ రాస్తూ కూడా తానే స్కూటర్ మీద దింపి వచ్చే మనిషి అతను. ఆఖరికి ఆ ఆఫీసులో ఆమె, మేనేజరు, అకౌంటెంటు మిగిలారు.

ఏజెంట్లను నడిపే పని మేనేజరు ఆమెకే అప్పగించాడు. ఏం చేయాలో వాటికి మామూలు మాటల్లో రాసి ఇవ్వాలి. ఆమె ఆ పనిని ఇష్టంగానే చేసింది. పాత రోజుల్లో ఒకే సంగతిని రాసేవాడు ఒకలా, పరీక్షించే తాను ఒకలా అర్థం చేసుకుని వాదులాడుకున్న సందర్భాలు ఆమెకు గుర్తున్నాయి. ఆ రభస మళ్లీ ఉండకూడదనుకుంది. అందుకని ప్రతి మార్పుకూ ఒకే వివరణ, ఎక్కడా సందేహానికి చోటివ్వకుండా, తానే రాసేది. దాన్నే నాలుగింటికీ ఇచ్చేది. అవి గొడవ పడలేదు. ఒకటి రాసింది, రెండోది బాగుందంది, మూడోది పరీక్షలన్నీ నెగ్గాయంది, నాలుగోది మీ సరే కోసం చూస్తున్నానంది. వారాలు పట్టే పని ఒక్క పూటలో తెమిలిపోయేది.

ఇంట్లో ఈ సంగతి చెబితే అత్తగారు ముందు ఇన్సూరెన్స్ ఏజెంట్లనుకుంది. కాదని కోడలు విడమరిచి చెప్పాక, పత్రిక మడిచి పక్కన పెట్టి అడిగింది.

"అంటే నలుగురు తోడికోడళ్లన్నమాట. నువ్వు అత్తవి."

"అలాగే అనుకోండి."

"వాళ్లలో వాళ్లకి ఏ తగువూ లేదా?"

"లేదత్తయ్యా. తానా అంటే తందానా."

"అయితే జాగ్రత్తే తల్లీ. నలుగురు కోడళ్లున్న ఇంట్లో చప్పుడు లేదంటే, వాళ్లంతా ఒకటయ్యారని. మా ఇంట్లో మేమలాగే అయ్యాం. పాపం మా అత్తకి చివరిదాకా తెలీలేదు."

కోడలు నవ్వింది. అత్తగారు ఆ జ్ఞాపకంలో కాసేపు సుఖంగా ఉండి, మళ్లీ పత్రిక విప్పుకుంది.

మేనేజరు ఒకరోజు ఆమెను తన గదిలోకి పిలిచాడు. పై వాళ్లు లెక్కలు చూశారనీ, ఏజెంట్లు పని ముగించాక మార్పు ఎక్కువసేపు ఆగేది ఆమె సరే దగ్గరేననీ చెప్పాడు. ఆ మెట్టు అవసరమా అని అడుగుతున్నారట. బడుల సంవత్సరం ముగిసేదాకా చూద్దామని అతనే గడువు అడిగాడు. ఈలోగా ఆమె సరే అనకపోవడం వల్ల ఏదైనా పెద్ద తప్పు ఆగితే ఆ మెట్టు ఉంటుంది. లేకపోతే తీసేస్తారు. అప్పుడామె ఫోన్లెత్తే విభాగానికి వెళ్లాలి. ఆ విభాగం ఊరికి ఆ చివర, కిటికీలు లేని హాలు. తల్లిదండ్రులు తిట్టే తిట్లు వింటూ, అలాగేనండి అనడం అక్కడి పని. ఆ పని మీద ఆమెకు చిన్నచూపు లేదు. కానీ తాను ఒక మాట అంటే పది బస్సులు కదిలేవి, అనకపోతే ఆగేవి. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకు దక్కింది అదొక్కటేనని ఆమెకు తెలుసు.

భర్త డ్రైవింగ్ నేర్పే బడిలో పనిచేస్తాడు. ఆయన కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె చెప్పిందంతా విని, తనది కూడా అదే ఉద్యోగమన్నాడు. పగలల్లా పక్కన కూర్చోవడానికే జీతమనీ, బ్రేకు నొక్కిన రోజున నేర్చుకునేవాళ్లకు కోపమొస్తుందనీ, నొక్కని రోజున యజమానికి అనుమానమొస్తుందనీ చెప్పాడు. అయితే ఆయనకు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుంది. ఆమెకు కనిపించేది నాలుగు నివేదికలే.

ఆ నెలల్లో ఆమె రెండుసార్లు మార్పులను ఆపింది. రెండుసార్లూ ఏమీ దొరకలేదు. ఆ రెండూ ఆమె వల్ల జరిగిన ఆలస్యాలుగా లెక్కలోకెక్కాయి. మొహం లేనివాటి దగ్గర తన పద్ధతి ఎలా సాగాలో తోచక, ప్రతి నివేదిక చివర మీకు అన్నిటికంటే నమ్మకం తక్కువగా ఉన్న భాగం ఏదో చెప్పండి అని ఏజెంట్లను అడిగింది. అవి మారుమాట లేకుండా చెప్పాయి. అడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పాయి. ఏమీ లేనప్పుడు కూడా అదే మర్యాదతో, అదే పొడవున, ఒక సందేహం తయారుచేసి పెట్టాయి. కళ్లజోడు తుడుచుకునే మనిషి విలువ ఆమెకు అప్పుడు తెలిసింది.

అలాంటి రోజుల్లో ఒక చిన్న మార్పు వచ్చింది. పిల్లకు ఒంట్లో బాగాలేకపోతే తల్లి ఫోన్‌లో 'ఈ రోజు రాదు' అని నొక్కుతుంది. ఆ స్టాపులో ఎక్కే పిల్లలెవరూ ఆ రోజు రాకపోతే బస్సు అటు వెళ్లనక్కర్లేదు. డీజిలు మిగులుతుంది, మిగతావాళ్లు త్వరగా చేరతారు. బడులే అడిగిన మార్పు. ఆమె వివరణ రాసింది. ఉదయం రాని పిల్ల సాయంత్రం బస్సులో ఉండదు కాబట్టి, రెండు పూటలా ఆ స్టాపు వదిలేయాలని కూడా రాసింది. నాలుగు ఏజెంట్లూ తమ తమ పని చేశాయి. ఆమె నివేదికలను పెదవులతో చదివింది. చివరన ఏజెంట్లు రాసిన సందేహం, ఫోన్ సిగ్నల్ లేనిచోట కబురు ఆలస్యంగా చేరవచ్చని. దాన్ని పరీక్షించి చూసింది. బాగానే ఉంది.

సరే అని టైపు చేసింది. నోటితో కూడా అంది. అకౌంటెంటు తల తిప్పి చూశాడు.

కొన్ని రోజులకు ఒక అమ్మాయికి పొద్దున్నే కడుపునొప్పి వచ్చింది. తల్లి 'ఈ రోజు రాదు' నొక్కింది. గంట తిరక్కముందే నొప్పి పోయింది. లెక్కల పరీక్ష కూడా పోతుందేమోనని పిల్ల ఆశపడిందేమో గానీ, తండ్రి ఊరుకోలేదు. తన బండి మీద బడిలో దింపాడు. సాయంత్రం ఆ పిల్ల రోజూలాగే బస్సెక్కింది. ఎక్కినట్టు ఆయా నమోదు చేసింది గానీ, డ్రైవరు తెర మీద దారి పొద్దున మారినట్టే ఉంది. ఆ స్టాపులో దిగేది తనొక్కతే. డ్రైవరు ఆ దారికి కొత్త. తెర ఎటు చూపిస్తే అటు నడిపాడు. సందు మొదట్లో గొడుగుతో నిలబడ్డ తాతను కిటికీలోంచి చూసి పిల్ల చెయ్యి ఊపింది. తాత కూడా ఊపాడు. బస్సు ఆగకుండా వెళ్లిపోయింది.

పిల్ల ఆయాకు చెప్పింది. తర్వాతి స్టాపులో ఆయా దిగి, చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించుకొచ్చింది. పిల్లకేమీ కాలేదు. దారిలో ఐస్ కూడా కొనిపించుకుంది. వాళ్లు వచ్చేలోగా తాత బడికీ, కొడుక్కీ, కోడలికీ, పోలీసులకూ ఫోన్లు చేసి, చివరికి ఒక ఇంటి మెట్ల మీద కూలబడ్డాడు. ఎవరో మంచినీళ్లిచ్చారు. బడి వాళ్ల ఫిర్యాదులో ఇదంతా వరసగా ఉంది.

మేనేజరు తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు.

"అక్కా, నేను తప్పు పట్టడానికి పిలవలేదు. ఒక్కటే అడుగుతాను. అవి నాలుగూ సరే అన్నాయి. మీరూ సరే అన్నారు. వాటి సరేకీ మీ సరేకీ తేడా ఏంటి? పైవాళ్లు అడిగితే నేనేం చెప్పను?"

రేపు చెబుతానంది ఆమె. ఆ రేపు కూడా చెప్పలేదు. ఏజెంట్ల పనంతా మొదటినుంచీ తిరగేసింది. వాటి పనిలో తప్పులేదు. ఆమె రాసింది రాసినట్టు చేశాయి. రెండో ఏజెంటు ఆమె వివరణ పక్కన పెట్టుకునే తప్పొప్పులు చూసింది. మూడోది ఆ వివరణలోంచే పరీక్షలు తయారు చేసింది. అంటే ఆమె పొరపాటును నాలుగు బల్లల దగ్గర నాలుగుసార్లు శ్రద్ధగా సరిచూశారు. పాత గదిలో అయితే ఇది సాగేది కాదు. అందరూ తెలివైనవాళ్లని కాదు. తలా ఒకలా అర్థం చేసుకునేవాళ్లు కాబట్టి. సుడిగాలి దాన్ని రాసేముందే, మావాడు రోజూ ఆలస్యంగానే వెళ్తాడు కదా, వాడి సంగతేంటి అని అడిగి ఉండేవాడు. అడిగినందుకు ఆమె విసుక్కునేది కూడా. ఆ రభస ఉండకూడదనే కదా నాలుగింటికీ ఒకే వివరణ ఇచ్చింది.

మూడో రోజు మేనేజరు గదిలోకి తనే వెళ్లింది.

"తేడా ఏమీ లేదు బాబూ," అంది. అతన్ని విడిగా అలా పిలవడం అదే మొదలు. "అవి చదివిందే నేనూ చదివాను. అది రాసింది కూడా నేనే. నా మొహం నేనే అద్దంలో చూసుకుని బాగుందనుకున్నట్టయింది."

"అలా అంటే నేను మీ కోసం వాదించడానికేం మిగల్లేదక్కా."

"వాదించొద్దు. ఐదోది ఒకటి కావాలి."

ఆ ఐదో ఏజెంటుకు తన వివరణ చూపించకూడదంది. దానికి ఇవ్వాల్సింది వేరు. ఫోన్లెత్తే విభాగానికి వచ్చిన తల్లిదండ్రుల మాటలు, డ్రైవర్ల మాటలు, ఆయాల ఫిర్యాదులు. వాటిని చదివి, తయారైన మార్పును చూసి, అది ప్రశ్నలు అడగాలి. అడగడం తప్ప ఇంకేమీ చేయకూడదు. మేనేజరు ఒప్పుకున్నాడు గానీ, ఒక షరతు పెట్టాడు. ఐదోది వచ్చాక ఆపే హక్కు దానిదే. అది అడిగిన ప్రశ్నకు జవాబు లేకపోతే మార్పు ఆగుతుంది. జవాబులన్నీ ఉంటే దానంతటదే వెళ్తుంది. మధ్యలో ఆమె సరే ఉండదు. అలాగైతేనే పైవాళ్లు వింటారన్నాడు.

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. సాయంత్రం వంటింట్లో గిన్నెలు సర్దుతూ భర్తకు చెప్పింది.

"అంటే నీ బ్రేకు పీకి దానికిచ్చేస్తున్నావు. మరి నువ్వేం చేస్తావు?"

"అది అడుగుతుంది. నేను వెళ్లి కనుక్కొచ్చి చెబుతాను."

"దానికి ఊడిగం చేస్తావన్నమాట."

"నీకు చేయడం లేదూ? అలవాటేగా."

పక్క గదిలోంచి అత్తగారు బాగా అన్నావంది. భర్త ఆ మాటకు నొచ్చుకున్నట్టు కనిపించి, తడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. మర్నాడు ఆమె ఆఫీసులో సరే అంది. ఆ ఆఫీసులో ఆమె అన్న చివరి సరే అది.

ఐదోదానికి కొర్రీ అని పేరు పెట్టాడు మేనేజరు. అది మొదట్లో అందర్నీ విసిగించింది. బస్సులో పిల్ల నిద్రపోతే ఆయాకు తెలుస్తుందా అని అడిగింది. కవలల్లో ఒకరు వచ్చి ఒకరు రాకపోతే ఆయా ఎలా గుర్తుపడుతుందంది. పనికిరానివీ చాలానే ఉండేవి. అయినా దేనికీ ఆఫీసులో కూర్చుని జవాబు చెప్పే వీలు లేదు. బస్సులు నిలిపే షెడ్డుకు వెళ్లాల్సిందే. ఆమె వెళ్లడం మొదలుపెట్టింది.

రేకుల షెడ్డు అది. పొద్దున ట్రిప్పులు ముగిసి బస్సులు వెనక్కి వచ్చేసరికి ఇంజన్ల వేడి, తడిసిన సీట్ల వాసన. డ్రైవర్లు టైర్ల మీద కూర్చుని టీ తాగేవాళ్లు. మొదట్లో ఆమెను చూడగానే మాటలాపేవాళ్లు. ఆఫీసు మనిషి కదా, ఏం మోసుకెళ్తుందోనని.

ఒకనాడు కొర్రీ వింత ప్రశ్న వేసింది. ఒక దారిలో మలుపు దగ్గరున్న స్టాపులో బస్సు రోజూ ఎక్కువసేపు నిలుస్తోందట. మిగతా నాలుగు ఏజెంట్లూ దాన్ని ట్రాఫిక్ అని రాసుకుని సర్దుకున్నాయి. తర్వాతి స్టాపుల తల్లులేమో బస్సు చెప్పిన వేళకు రాదని ఫోన్లు చేస్తున్నారు. ఆ వీధిలో ట్రాఫిక్ గురించి ఎవరూ ఏనాడూ అనలేదే, నిజంగా ట్రాఫికేనా అని అడిగింది కొర్రీ.

ఆమె ఆ బస్సు డ్రైవరు పక్కన ఇంకో టైరు మీద కూర్చుంది.

"ఆ మలుపు దగ్గర ట్రాఫిక్ బాగా ఉంటుందటగా?"

డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. చొక్కా కాలరు సర్దుకున్నాడు. ఆ మలుపు దగ్గర రోడ్డు తవ్వారనీ, పూడ్చారనీ, సరిగా పూడ్చలేదనీ, పక్క వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారనీ, ఇసుక లారీలనీ చెప్పుకుపోయాడు. ఆమె అతని మొహం వంకే చూస్తూ కూర్చుంది. చాలా కాలానికి ఆమెకు తన పని తనకు దొరికినట్టయింది.

"ఆ స్టాపులో ఎక్కేదెవరు?" అని అడిగింది.

టైరు అవతలి నుంచి ఇంకో డ్రైవరు పకపకా నవ్వాడు. "అడిగేశారుగా మేడమ్. వీడి కూతురే. రోజూ నీళ్ల సీసా మర్చిపోతుంది. మళ్లీ ఇంట్లోకి పరిగెత్తి తెచ్చుకునేదాకా మహారాజు బస్సాపుకుని కూర్చుంటాడు. వేరేవాళ్ల పిల్లలైతే హారన్ కొట్టి చంపుతాడు."

"నోరు ముయ్యరా," అన్నాడు డ్రైవరు. తర్వాత ఆమె వైపు తిరిగి, గొంతు తగ్గించి, "రాసేస్తారా మేడమ్?" అన్నాడు.

ఆమె రాసింది. ఆ స్టాపులో పిల్లలు ఎక్కడానికి సమయం పడుతోందనీ, దానికి తగ్గట్టు తర్వాతి స్టాపుల వేళలు మార్చాలనీ మాత్రమే రాసింది. కొర్రీ ఆ జవాబు తీసుకుంది. మార్పు వెళ్లింది. తల్లుల ఫోన్లు తగ్గాయి. ఇంకో సీసా కొని బస్సులోనే ఉంచుకోవచ్చు కదా అని ఆమె డ్రైవరుతో అంది. ఉంచాననీ, ఇప్పుడు టోపీ మర్చిపోతోందనీ అతను చెప్పాడు.

బడుల సంవత్సరం ముగిసింది. ఆమె ఫోన్లెత్తే విభాగానికి వెళ్లలేదు. పంపాలన్న సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. సరే అనే మెట్టు కూడా తిరిగి రాలేదు. మేనేజరు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, అక్కా, కొర్రీ అడిగినదానికి ఏమైంది అంటాడు. కనుక్కుంటున్నాను బాబూ అంటుంది.

ఇప్పుడామె ఉదయాలు షెడ్డులో గడుస్తాయి. డ్రైవర్లు ఆమెకోసం ఒక టైరు తుడిచి ఉంచుతారు. ఆఫీసులో ఆమె బల్ల మీద ప్రింటరు పెట్టారు.